కట్టెల బండికి కొలత ఎవరు పెట్టాలి?

మన్యంలో రోడ్డు పడిన ఊళ్ళకు ఇప్పుడు పికప్ బండ్లు వస్తున్నాయి. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, అరకు, ఎటు వెళ్ళినా సంతరోజున వరుసగా కనబడతాయి. వాటిలో కొన్ని మైదానం నుంచి వచ్చిన షావుకార్లవి, కొన్ని మన పిల్లలవి. మనవాడు బండి కొన్నాడంటే ఊరికంతా సంతోషమే. పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కోడిని కోసి వేడుక చేసుకుంటాం. ఆ మర్నాడే ఎవరో ఒకరు అడుగుతారు: "తమ్ముడూ, కొండ మీద ఎండుకట్టెలు కొట్టి పెట్టాం. ఒక్క ట్రిప్పు వేస్తావా?"

బండివాడికి మొదట కలిగే బెంగ కొత్త రంగు గీసుకుపోతుందని. ఆ బెంగకు మందు తేలిక. తొట్టిలో నాలుగు పాత గోనెసంచులు పరిస్తే చాలు. పని చేసే బండికి గీతలు పడకుండా ఉండవు. మనం కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. తల మీద మోసినంత కాలం ఎంత కట్టె తేవాలో ఒంటికి తెలుసు. మెడ చెప్పేది, మోకాలు చెప్పేది. బండి వచ్చాక ఆ కొలత ఎవరు చెప్పాలి?

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. తలమోపును పొగడడం మోయనివాళ్ళకే తేలిక. మన ఊళ్ళలో కట్టె తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. చీకటితో లేచి, చుట్టకుదురు పెట్టుకుని, కొండెక్కి దిగి, ఇంటికి వచ్చాక మళ్ళీ పొయ్యి ముందు కూర్చునేది వాళ్ళే. దారిలో ఎలుగుబంటి భయం, పాము భయం, వానాకాలంలో జారుడు భయం. నెలలు నిండిన అమ్మాయి కూడా మోపు మోసిన ఇళ్ళు మనకు తెలుసు. ఆ బరువు దింపే బండి వచ్చిందంటే అది మంచికే వచ్చింది. డోలీ కట్టి మనిషిని మోసుకెళ్ళిన ఊళ్ళలో, కాన్పు నొప్పులు వచ్చినామెను రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చేది కూడా ఆ బండే. కాబట్టి "పాత రోజులే బాగుండేవి" అనే మాటతో ఈ చర్చ మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. టీచర్లు దీన్ని తరగతిలో పిల్లల చేత చేయించవచ్చు. ఒక తలమోపు 25 కిలోలు అనుకుందాం. పికప్‌లో టన్నున్నర పడుతుందనుకుంటే ఒక్క బండిలో 60 మోపులు. ఊళ్ళో 30 ఇళ్ళు ఉండి, ఇంటికి వారానికి 3 మోపులు కాలితే, ఊరికంతా వారానికి 90 మోపులు కావాలి. అంటే ఒకటిన్నర బండి. ఇదే బండి రోజుకొక ట్రిప్పు చొప్పున వారానికి 6 ట్రిప్పులు పట్నం హోటళ్ళకో, ఇటుక బట్టీలకో వెళితే, ఊరంతా కలిసి కాల్చుకునేదానికి నాలుగింతల కట్టె కొండ దిగుతుంది. ఒక్క బండి, ఒక్క డ్రైవరు, ఇద్దరు కూలీలు. 30 ఇళ్ళ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టె ఏరుకున్నా తరగని కొండ ఈ లెక్కన ఎన్నాళ్ళు నిలుస్తుందో పిల్లలే చెప్పగలరు.

పొయ్యికీ బండికీ ఆకలిలో తేడా ఉంది. పొయ్యి అన్నం ఉడికాక ఆరిపోతుంది. చలికాలంలో లంబసింగి వైపు రాత్రంతా నెగడు ఉంచినా, తెల్లారాక అదీ ఆరుతుంది. అటక మీద వానాకాలానికి సరిపడా కట్టె పేర్చుకున్నాక ఏ ఇల్లాలూ ఇంకో మోపుకు వెళ్ళదు. బండికి అలాంటి చాలు లేదు. దాని మీద ఫైనాన్సు ఉంది, నెలనెలా కిస్తీ ఉంది. కాఫీ పండు కోతకొచ్చిందా లేదా, పసుపు ఎండిందా లేదా అని కిస్తీ చూడదు. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ ఉంటుంది. తర్వాత పసుపు, మిరియాలు, చింతపండు ఉంటాయి. సరుకు లేని నెలల్లో బండి ఖాళీగా నిలబడితే ఆ తమ్ముడికి నిద్ర పట్టదు. అప్పుడు కళ్ళకు కనబడేది కొండే. ఆ తమ్ముడు చెడ్డవాడు కాడు. ఎండిన కట్టెతో మొదలుపెడతాడు. ఎండుకట్టె అయిపోయాక సగం ఎండింది, ఆ తర్వాత పచ్చిది. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. డీజిలు పోసి నీళ్ళు మోయడమే అది. అయినా కిస్తీ తేదీ దగ్గరపడితే ఎండే దాకా ఆగడానికి ఓపిక ఉండదు.

దీనిలో ఇంకొకరి నష్టం కూడా ఉంది. పట్నానికి మోపు తీసుకెళ్ళి అమ్ముకుని, ఆ డబ్బుతో ఉప్పు, నూనె కొనుక్కునే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది భూమి తక్కువ ఉన్నవాళ్ళు, మగదిక్కు లేనివాళ్ళు. బండెడు కట్టె హోటలు గుమ్మంలోకే వచ్చి పడుతుంటే వాళ్ళ మోపును ఎవరు కొంటారు? ఒకరి మెడ మీద బరువు దింపిన బండే ఇంకొకరి నోటిముందు కూడు తీసేయవచ్చు.

ఇక చట్టం ఏమంటుంది? 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు అందులో ఉన్నాయి. అయితే 2008 జనవరిలో వచ్చిన నియమాలు ఆ ఫలసాయాన్ని అడవిలో తలమోపుతో, సైకిలుతో, తోపుడు బండితో తరలించుకోవచ్చని రాశాయి. మోటారు బండి మాత్రం పాత రవాణా నియమాల కిందే ఉండాలన్నాయి. కాగితం మిల్లుల కోసం మన కొండల వెదురు లారీలకు లారీలుగా దిగిపోయిన దేశంలో, మనం మాత్రం నెత్తిమీద పెట్టుకు రావాలన్నమాట. అడవి మీద హక్కుల కోసం పనిచేసినవారు దీన్ని ప్రశ్నించారు. 2012 సవరణలో ఆ మాట పోయింది. అడవి లోపలా బయటా తగిన రవాణా సాధనంతో తీసుకెళ్ళవచ్చని మార్చారు. రవాణా అనుమతిపత్రం ఇచ్చే పని గ్రామసభ కమిటీకి అప్పగించారు. ఇది మనం సాధించుకున్నది, వదులుకోకూడదు. అదే సమయంలో ఒక జాగ్రత్త కూడా గుర్తుంచుకోవాలి. ఫలసాయం వేరు, కలప వేరు. కలప ఎక్కిన బండిని పట్టుకుని జప్తు చేసే అధికారం 1967 అటవీ చట్టంలో ఉంది. కిస్తీ తీరని బండి డిపోలో తుప్పు పడితే అప్పు మాత్రం ఇంటి మీదే ఉంటుంది.

అంటే, ఒంటి బలం పెట్టిన హద్దు బండితో పోయింది. ప్రభుత్వం పెట్టిన తలమోపు హద్దు 2012తో పోయింది. ఈ రెండూ పోయినచోట ఇక ఏ హద్దూ అక్కరలేదా?

దీనికి జవాబు మన పండుగల్లోనే ఉంది. మామిడి కొత్త చేయకముందు మామిడిపండు తినం. కాయ పండి కొమ్మ మీద వేలాడుతుంటుంది. చెయ్యి అందుతుంది, ఆకలి ఉంటుంది, అటవీ గార్డు అడ్డు చెప్పడు. అయినా పూజారి రోజు చెప్పి, కొత్త జరిగి, దేవతకు పెట్టేదాకా ముట్టం. కొర్రకూ అంతే, సామకూ అంతే. ఈ కట్టుబాటు చేతకానితనం వల్ల వచ్చింది కాదు. చేయగలిగి ఉండీ ఆగడం అది. ముదరని కాయ రాలకుండా, గింజ గట్టిపడేదాకా, ఊరంతా ఒకేసారి తినేలా పెద్దలు పెట్టుకున్న మాట అది. అడవిలో మనవాళ్ళు తక్కువ తీసుకున్నారంటే గొడ్డలి మొద్దుదనీ దారి దూరమనీ మాత్రమే అనుకుంటే, మన పెద్దల తెలివిని తక్కువ చేసినట్టే. మనకు మాటతో హద్దు పెట్టుకోవడం తెలుసు. ఆ పని ఇప్పుడు బండి విషయంలో చేయాలి.

కొందరు యువకులు ఇలా అంటారు: "గనుల కోసం కొండలు తవ్వుతామన్నవాళ్ళున్నారు. ఆనకట్టల కింద అడవులు మునిగాయి. వాళ్ళను అడగకుండా బండెడు కట్టెల గురించి మమ్మల్ని అడుగుతారేం?" ఈ మాటలో న్యాయం ఉంది. అడవిని ఎక్కువగా పోగొట్టింది మనం కాదు. మన హక్కు నిలవాలంటే మనం మంచివాళ్ళమని ఎవరి దగ్గరా ధ్రువపత్రం తెచ్చుకోనక్కరలేదు. 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది కూడా మన మంచితనం చూసి కాదు, రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు చూసి. కానీ ఎదుటివాడు చేసిన అన్యాయం మన కొండకు చెట్టు మొలిపించదు. పైన చెట్టు పోతే ఊట తగ్గుతుంది. ఊట తగ్గితే గెడ్డ ఎండుతుంది. గెడ్డ ఎండితే కింది ఊరు మనల్నే అడుగుతుంది. ఆ ఊళ్ళో ఉన్నది మన వియ్యంకులూ మేనమామలే.

ఇంకొందరు "మేం తేకపోతే పక్క ఊరివాళ్ళు తెస్తారు" అంటారు. అలాంటప్పుడు చేయాల్సిన పని పక్క ఊరితో కూర్చుని మాట్లాడుకోవడం. సామాజిక అటవీ వనరులను కాపాడుకునే హక్కు, వాటి వాడకానికి కట్టుబాట్లు పెట్టే అధికారం గ్రామసభకు 2006 చట్టమే ఇచ్చింది. ఆ అధికారాన్ని వాడకుండా పక్క ఊరి పేరు చెప్పడం తగదు.

"ఎండి పడిపోయిన కట్టె ఎలాగూ వృథాయే కదా" అనేవాళ్ళూ ఉన్నారు. అడవిలో కుళ్ళిన మొద్దు ఊరికే పోదు. దాని మీద పుట్టగొడుగు లేస్తుంది, దాని కింద చెద పుట్ట కడుతుంది, అది కలిసిన నేలలోనే కొత్త మొక్క నిలుస్తుంది. మోపులు మోసిన రోజుల్లో మనం తెచ్చింది పోగా అడవికి కొంత మిగిలేది. బండి మొత్తం ఊడ్చుకు రాగలదు. మిగల్చడం కూడా ఇక మనమే గుర్తుపెట్టుకుని చేయాలి.

మరి బండిని ఎలా వాడదాం? ఊరూరికీ వేరుగా ఉంటుంది కాబట్టి గ్రామసభే తేల్చుకోవాలి. ఆలోచనకు కొన్ని మాటలు ముందు పెడతాం. కాఫీ తోటల్లో నీడ కోసం కొట్టే సిల్వర్ ఓక్ కొమ్మలు బండికి మొదటి కట్టె కావాలి. అవి కొట్టక తప్పనివి, రోడ్డుకు దగ్గరగా ఉండేవి. కొండ మీది ఎండుకట్టెకు ఏడాదికి ఇన్ని ట్రిప్పులని లెక్క పెట్టుకుందాం. ఆ లెక్క చెప్పాల్సింది ఇన్నాళ్ళూ మోసిన ఆడవాళ్ళు. ఏ గట్టున ఎంత ఉందో, ఎక్కడ తగ్గిందో వాళ్ళకు తెలిసినంతగా బండివాడికి తెలియదు. ముసలివాళ్ళ ఇళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళకు ముందు దించి, ఆ కిరాయి మిగతా ఇళ్ళు పంచుకుందాం. పట్నానికి అమ్మే కట్టె విషయం విడిగా, సభలో అందరి ముందు, అనుమతిపత్రంతో తేల్చుకుందాం. కిస్తీ భారం కూడా ఊరు పట్టించుకోవాలి. మన కాఫీ, మన పసుపు, మన కూరగాయలు షావుకారు బండిలో ఎక్కించి, మన తమ్ముడిని మాత్రం కొండను ఖాళీ చేయకు అంటే అది న్యాయం కాదు. కొండ జోలికి పోవద్దని చెప్పే ఊరు అతని బండికి సంత కిరాయి ఇవ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం బండిని పక్కన పెట్టవచ్చేమో చూడండి. ఊళ్ళో ఎవరైనా కాలం చేస్తే ఇంటికొక కట్టె తెచ్చే ఆచారం మన ఊళ్ళలో ఉంది. బండి ఒక్క ట్రిప్పులో ఆ కట్టెలన్నీ తెచ్చి పడేయగలదు, పని త్వరగా అయిపోతుంది. కానీ చితి మీద పడే ఆ ఒక్కొక్క కట్టె ఒక్కొక్క ఇంటి మాట. నీతో ఉన్నాం, నీ పిల్లలతో ఉంటాం అని చెప్పే మాట. పోట్లాడుకున్న ఇళ్ళు కూడా ఆ రోజు కట్టె పట్టుకుని వస్తాయి. దాన్ని కిరాయికి ఇచ్చేస్తే తగ్గేది బరువు ఒక్కటే కాదు.

1922లో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో అడవి మీద పెట్టిన ఆంక్షలు ఒకటి, రోడ్డు పనికి మన తాతల చేత వెట్టి చేయించడం ఇంకొకటి. అప్పుడు రోడ్డు ఎటు వెళ్ళాలో, దాని మీద ఏ సరుకు దిగాలో వాళ్ళను ఎవరూ అడగలేదు. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే బండి మనది, స్టీరింగు పట్టుకున్న చెయ్యి మనది. గ్రామసభ రిజిస్టరూ మన దగ్గరే ఉంది. వచ్చే సభలో టీచర్లు పిల్లలు వేసిన లెక్క చదివి వినిపించండి. యువకులు బండి కిస్తీ ఎంతో దాచకుండా చెప్పండి. ఆ తర్వాత అమ్మలనూ అక్కలనూ మాట్లాడనివ్వండి. ఎన్ని ట్రిప్పులో వాళ్ళు చెప్పాక రిజిస్టరులో రాద్దాం.