తోడెవరు?

కోస్టారికా దేశపు కరీబియన్ తీరంలో కవీటా ఒక చిన్న పల్లె. ఊరిని ఆనుకున్న జాతీయవనంలోకి అటువైపు నుంచి వెళ్లేవారు తోచినంత ఇస్తే చాలన్న పద్ధతి 1994లో ఊరివాళ్ల పట్టుదలవల్ల వచ్చింది. కొత్తవాళ్లను నమ్మే ఊరన్నమాట. మా బ్రాంచిలో పనిచేసే అమ్మాయి అక్కడికి ఒక్కతే వెళ్తానంటే అందరూ అడిగింది ఒకటే: "తోడెవరు?"

ఆ ప్రశ్నలో ప్రేమ లేదనను. కాని 2016లో ఈక్వడార్ దేశంలో, పసిఫిక్ తీరపు మొంటానిటా ఊళ్లో ఇద్దరు అర్జెంటీనా యువతులు హత్యకు గురైతే, "ఒంటరిగా ఎందుకు వెళ్లారు?" అన్నవారున్నారు. వాళ్లు ఇద్దరు కదా! పక్కన మగవాడు లేకపోతే ఇద్దరైనా ఒంటరే కాబోలు.

ఒకరి పేర రాయవలసిన అప్పు మరొకరి ఖాతాలో రాసినా ట్రయల్ బ్యాలెన్సు కలుస్తుంది. లెక్క కలిసిందని మనం నిశ్చింతగా ఉంటాం. తప్పు లోపలే ఉంటుంది. హంతకుడి పద్దు చనిపోయిన అమ్మాయిల ఖాతాలో రాయడం అలాంటిదే.

అలాగని జాగ్రత్తలు చెప్పవద్దా? చెప్పాలి. చీకటిపడ్డాక మనుషులు లేని ఒడ్డున నడవవద్దనడం పెద్దల ధర్మం. "జాగ్రత్తమ్మా, వెళ్లిరా" అనవచ్చు. అయితే ప్రయాణానికి ముందు సలహా అయిన మాటే ఆపద జరిగాక తీర్పవుతుంది. సలహా ఆమెకు ఇద్దాం. తీర్పు మాత్రం నేరం చేసినవాడిమీదే చెప్పాలి.