కరుణాపీఠము క్రింద రాతిపలకలు

మూలవాక్యములు: నిర్గమకాండము 20:1–3, 25:21, తీతు 2:11–14

కృపను గూర్చియు ధర్మశాస్త్రమును గూర్చియు తలంచునప్పుడు అనేకుల కన్నుల యెదుట ఒక తక్కెడ నిలుచును. ఒక పళ్లెములో కృప, మరియొక పళ్లెములో ధర్మశాస్త్రము. ఏ ప్రక్క బరువు హెచ్చినను ముల్లు వంగును. కావున రెంటిని సరితూచి నడచుకొనుటయే క్రైస్తవ జీవితమని వారి భావము. ఈ తలంపు మేలైనదిగా కనబడును. కాని దీనిని అనుసరించు విశ్వాసి రాత్రివేళ పడకమీద ఏమి చేయును? ఆ దినమున తాను తప్పినవాటిని ఒక ప్రక్కను, చేసిన మేళ్లను ఒక ప్రక్కను వేసి తూచుకొనును. తక్కువైనంత మట్టుకు కృప వచ్చి నింపవలెనని కోరుకొనును. అట్టివానికి క్రీస్తు రక్షకుడు కాడు, కొరత తీర్చు సహాయకుడు మాత్రమే. వానికి నిద్రయు పట్టదు, సమాధానమును దొరకదు.

పరిశుద్ధ లేఖనములు ఈ విషయములో తక్కెడను చూపవు. ఒక వరుసను చూపును. ఏది ముందు, ఏది తరువాత అను సంగతియందే సమస్తమును ఇమిడియున్నది.

సీనాయికి ముందు సముద్రము

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేయుచున్న దినములలో మోషే రాతిపలకలు చేతపట్టుకొని వారియొద్దకు వెళ్లలేదు. ఈ ఆజ్ఞలను గైకొనినయెడల విడుదల కలుగునని వారితో చెప్పలేదు. పస్కా గొఱ్ఱెపిల్ల వధింపబడినది నిర్గమకాండము 12వ అధ్యాయములో. సముద్రము పాయలైనది 14వ అధ్యాయములో. మన్నా కురిసినది 16వ అధ్యాయములో. ఆజ్ఞలు వినబడినది 20వ అధ్యాయములో. బయలుదేరిన మూడవ నెలలోగాని ఆ జనులు సీనాయి అరణ్యమును చేరలేదు (19:1). అనగా దాసులకు ముందుగా దొరకినది విడుదల. విడుదల పొందినవారికి తరువాత దొరకినది ధర్మశాస్త్రము.

మొదటి ఆజ్ఞకు ముందు ఒక వాక్యమున్నది. పిల్లలు పది ఆజ్ఞలను వల్లించునపుడు దానిని తొందరలో విడిచిపెట్టుట కద్దు. ఆ వాక్యములో దేవుడు తాను వారి దేవుడనియు, దాస్యమునుండి వారిని వెలుపలికి తెచ్చినవాడు తానేయనియు జ్ఞాపకము చేయుచున్నాడు (20:2). ఆ వాక్యమును తీసివేసి చదివినయెడల మిగిలిన ఆజ్ఞలు ఫరో ఆజ్ఞలవలె వినబడును. గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తప్పకూడదని అడిగిన యజమానుని స్వరమది (5:7, 8). ఆ వాక్యమును ముందుంచి చదివినయెడల అవి విడిపించిన తండ్రి తన ఇంటిలో నేర్పు మర్యాదలు. మాటలు అవే, పలుకు నోరు వేరు.

విడుదల అనునది ధర్మశాస్త్రము చేయగల పని కాదు. అది పాపమెట్టిదో తెలియజేయును (రోమా 3:20). పాపి యొక్క బలహీనతను తీసివేయదు (రోమా 8:3). అద్దము ముఖముమీది మరకను చూపును. అంతమాత్రమున ఎవడును అద్దముతో ముఖము కడుగుకొనడు. దానిని పగులగొట్టినంత మాత్రమున మరకయు పోదు.

అంతియొకయలోని భోజనపు పంక్తి

ఈ వరుస తారుమారైనప్పుడు కలుగు అపాయము మొదట బయలుపడినది పండితుల సభలో కాదు, భోజనపు పంక్తిలో. అంతియొకయ సంఘములో కేఫా అన్యజనులైన విశ్వాసులతో కలిసి భుజించుచుండెను. యాకోబు నొద్దనుండి కొందరు రాగానే అతడు వారికి భయపడి వెనుకతీసి వేరైపోయెను. మిగిలిన యూదులును, బర్నబాయును అతని వెంబడి పోయిరి. పౌలు అందరి యెదుట అతనిని నిలదీసెను (గలతీ 2:11–14).

పౌలు ఏమని నిలదీసెనో గమనింపవలెను. కేఫా చేసినది మర్యాద కాదని అతడు అనలేదు. అతిథులు నొచ్చుకొందురనియు అనలేదు. ఆ నడత సువార్త సత్యమునుండి ప్రక్కకు తొలగినదనెను. ఏలయనగా క్రీస్తు ఒకసారి చేర్చుకొనినవారిని పంక్తిలో చేర్చుకొనుటకు ఇంకొక గురుతు కావలెనని కోరుటయే ధర్మశాస్త్రమును రక్షణమార్గముగా చేయుట. క్రీస్తు చాలడని నోటితో ఎవరును చెప్పలేదు. లేచిపోయిన పీటలే ఆ మాట చెప్పినవి.

తెలుగు సంఘములకు ఈ అధ్యాయము దూరదేశపు కథ కాదు. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొంది, ఇంటికి వచ్చి వివాహసంబంధము మాటలాడునపుడు కులమడుగు విశ్వాసులున్నారు. బ్రదికియున్నంతకాలము ఒకే మందిరములో కూర్చుండి, సమాధిస్థలములో హద్దులు గీసికొనిన చోట్లునున్నవి. అట్టివారు తమను ధర్మశాస్త్రవాదులని తలంపరు; కృపను గూర్చిన కీర్తనలను ఎలుగెత్తి పాడుదురు. అయితే క్రీస్తు రక్తమునకు తోడుగా ఇంకొక రక్తసంబంధమును అడుగువాడు కేఫా వెనుక లేచిపోయినవాడే. నీతి ధర్మశాస్త్రమువలననే దొరకునట్లయితే క్రీస్తు మరణము వ్యర్థమని పౌలు చెప్పిన మాట (గలతీ 2:21) ఆ పంక్తియొద్దనే పుట్టెను.

విట్టెన్‌బర్గులోని వివాదము

రెండవ ప్రక్కకు తప్పిపోవుటయు కలదు. మార్టిన్ లూథరునకు శిష్యుడును మిత్రుడునైన యోహాన్ అగ్రికోలా, పశ్చాత్తాపము సువార్తవలననే పుట్టునుగాని ధర్మశాస్త్రమువలన కాదనియు, కావున సంఘములో ధర్మశాస్త్రమును ప్రకటింప నక్కరలేదనియు బోధించెను. కృపను హెచ్చించుటయే అతని ఉద్దేశము. విశ్వాసముచేతనే నీతి కలుగునని లోకమంతట చాటిన లూథరు దీనికి సంతోషించునని తలంచినవారుండవచ్చును. కాని లూథరు 1537 మొదలుకొని 1540 వరకు విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయములో వరుసగా వాదసభలు జరిపి దానిని ఖండించెను. 1539లో దానికి విరోధముగా ఒక పుస్తకమును వ్రాసెను. 1540లో అగ్రికోలా ఆ పట్టణమును విడిచి బెర్లినునకు వెళ్లెను.

లూథరు వాదములోని బలము ఇది: ధర్మశాస్త్రమును తీసివేసినయెడల పాపమునకు పేరుండదు; పాపమునకు పేరు లేనిచోట క్షమాపణకు అర్థముండదు; క్రీస్తు నెరవేర్చినది ఏదియో తెలియనప్పుడు క్రీస్తే అక్కరలేనివాడగును. కృపను హెచ్చింప బూనినవాడు తుదకు కృపనే పోగొట్టుకొనును.

లూథరు 1529లో ప్రచురించిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞలు మొదటనున్నవి. విశ్వాసప్రమాణము వాటి తరువాత వచ్చును. ఆ ప్రశ్నోత్తరి బెంజమిన్ షుల్జ్ చేతిమీదుగా తెలుగులోనికి వచ్చి, 1746లో జర్మనీ దేశపు హల్లే పట్టణములో అచ్చుపడెను. తెలుగులో తొలుత అచ్చయిన పుస్తకములలో అదియొకటి. 1563లో వెలువడిన హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి మనుష్యుని దుర్దశ, విడుదల, కృతజ్ఞత అను మూడు భాగములుగా నుండి, పది ఆజ్ఞలను మూడవదానిలో ఉంచినది. ఒకటి పాపిని క్రీస్తునొద్దకు తరుముటను చూపుచున్నది. ఒకటి క్రీస్తునొద్దనున్నవాడు ఎట్లు నడువవలెనో చూపుచున్నది. రెంటిలోను ఆజ్ఞలవలన రక్షణ కలుగునను మాట లేదు. రెంటిలోను ఆజ్ఞలు విడిచిపెట్టబడలేదు.

అగ్రికోలా పేరు వినని ఇండ్లలోను అతని బోధ కాపురమున్నది. కృప క్రిందనున్నామని చెప్పుచు కుమారుని వివాహమునకు కట్నము లెక్కించి పుచ్చుకొనువారున్నారు. పొలములో పనిచేసినవాని కూలి నిలిపియుంచి, ఆదివారమున సాక్ష్యము చెప్పువారున్నారు. ఎవరైన అడిగినయెడల, క్రైస్తవునికి ధర్మశాస్త్రము లేదందురు. హిట్లరు పాలనలో జర్మను సంఘము నడతను చూచిన డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన తన గ్రంథములో ఇట్టిదానిని చౌక కృప అనెను. అతడు 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. 

శిక్ష మారలేదు, శిక్షకుడు మారెను

గలతీ పత్రికలో (3:24) ధర్మశాస్త్రమును గూర్చి పౌలు వాడిన గ్రీకు మాట ‘పైదగోగోస్’. తెలుగు బైబిలులో అది బాలశిక్షకుడైనది. ఆ కాలపు గృహములలో అతడు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు కాడు; బాలుని పాఠశాలకు తోడుకొనిపోవుచు, వాని నడవడిని కనిపెట్టుచు, తప్పినప్పుడు దండించు దాసుడు. తీతు పత్రికలో (2:12) దేవుని కృప బోధించుచున్నదని చెప్పినచోట ఉన్న గ్రీకు క్రియ ఆ మాటకు దగ్గర చుట్టము. బిడ్డను క్రమశిక్షణలో పెంచుట దాని భావము. తెలుగులో ఒకచోట శిక్ష, ఒకచోట బోధ అయినందున ఆ చుట్టరికము చదువరికి కనబడదు.

శిక్ష యను మాటకు తెలుగులో రెండర్థములు కలవు. నేరస్థునికి విధించునదియు శిక్షయే. పెద్దబాలశిక్షలో పిల్లలు నేర్చుకొనునదియు శిక్షయే. కృప క్రిందికి వచ్చినవానికి మొదటి శిక్ష క్రీస్తు సిలువయందు తీరిపోయెను. రెండవ శిక్ష అప్పుడే ఆరంభమగును. భక్తిహీనతను విసర్జించుటయు, స్వస్థబుద్ధితోను నీతితోను బ్రదుకుటయు నేర్పునది కృపయే. నేర్పని కృప పౌలు ఎరిగిన కృప కాదు.

కృప యొద్ద చదువుకొనిన ఒక శిష్యుని లెక్కను లూకా వ్రాసెను (19:1–10). జక్కయ్య సుంకరుల పెద్ద. ప్రభువు అతనిని ముందుగా లెక్కలు అడుగలేదు. అతని యింట దిగవలెనని చెప్పెను. జనులు సణిగిరి. సంతోషముతో ప్రభువును చేర్చుకొనిన జక్కయ్య నిలువబడి, తన ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదననియు, అన్యాయముగా పుచ్చుకొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతుననియు పలికెను.

అపరాధమును తానే ఒప్పుకొనినవాడు మూలధనమును, దానిమీద అయిదవ వంతును చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము (సంఖ్యా 5:6, 7). నూరు రూపాయలు అపహరించినవాడు నూట ఇరువది చెల్లించిన చాలును. జక్కయ్య నాలుగు వందలు లెక్కకట్టెను. నాలుగంతలు గొఱ్ఱెను దొంగిలించి కోసిన లేక అమ్మిన దొంగకు విధింపబడిన పరిమాణము (నిర్గమ 22:1). దానిని జక్కయ్య ఎవరును అడుగకయే తనమీద వేసికొనెను. కృప ధర్మశాస్త్రపు కొలతను తగ్గించునని భయపడువారును, తగ్గించునని సంతోషించువారును ఈ లెక్కను చూడవలెను. కృప ప్రవేశించిన ఇంటిలో ధర్మశాస్త్రము అడిగినదానికంటె ఎక్కువ చెల్లింపబడెను, చెల్లించినవాడు సణుగలేదు.

వ్యభిచారమందు పట్టబడిన స్త్రీతో ప్రభువు చెప్పినవి రెండు మాటలు: తాను ఆమెకు శిక్ష విధింపననుట, ఇక పాపము చేయవద్దనుట (యోహాను 8:11). రెండవదానిని ముందుకు తెచ్చి, పాపము మానినయెడల శిక్ష విధింపనని మార్చినయెడల ఆమె జీవితకాలమంతయు రాళ్లకు భయపడుచుండును. రెండవదానిని విడిచిపెట్టినయెడల ఆమె వచ్చిన త్రోవనే మరల పోవును. ఆ రెండు మాటలును ఆ వరుసలోనే సువార్త.

రెండున్నర మూరలు

మందసపు పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరెడున్నర. దానిమీది కరుణాపీఠపు పొడవును వెడల్పును అంతే (నిర్గమ 25:10, 17). పలకలున్న మేర అంతటిమీదను మూతయున్నది. ఆజ్ఞ చేరి, కరుణ చేరని మూల ఒకటైనను లేదు. మూత క్రింద మందసము వట్టిది కాదు. కరుణాపీఠము కప్పినది దేవుని వ్రాతనే. ప్రాయశ్చిత్తార్థ దినమున రక్తము ప్రోక్షింపబడినది ఆ పీఠముమీదనే (లేవీ 16:14).

లోపల ఉంచబడిన పలకలు మొదటివి కావు. మొదటివి బంగారు దూడ దినమున కొండ అడుగున పగిలిపోయెను. దేవుడు జనులను క్షమించి, కనికరముగలవాడని తన నామమును ప్రకటించి, రెండవ పలకలమీద వ్రాసెను. ఏమి వ్రాసెను? మొదట వ్రాసిన మాటలనే (ద్వితీ 10:4). పాపము చేసినందున ఆజ్ఞ మారలేదు. క్షమించినందునను ఆజ్ఞ తగ్గలేదు. క్షమాపణ పొందినవారి చేతికి అవే మాటలు మరల వచ్చినవి.

ప్రియ చదువరీ, తూచుకొని తూచుకొని అలసినవాడవైతే తక్కెడను దింపుము. సముద్రము ఇదివరకే పాయలైనది. తూచుటయే మానివేసినవాడవైతే మందసములో ఏమున్నదో జ్ఞాపకము చేసికొనుము. నిలిపియుంచిన కూలి ఎవరిది? పంక్తిలో ఖాళీగానున్న పీట ఎవరిది? జక్కయ్య ఇంటిలో దిగిన ప్రభువు నేడును ఆ ఇంటికే వచ్చుచున్నాడు. విడిపించిన ఆయన కృప, విడుదల పొందినవారికి నడచుటయు నేర్పును గాక. ఆమేన్.