ఆగి ఉండవలసింది

మనలో లారీ ముందుసీట్లో కూర్చుని ప్రయాణం చేసిన ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు? నేనయితే నలభై దాటేదాకా ఎక్కలేదు. ఎక్కవలసి వస్తుందని అనుకోనూ లేదు.

2023 డిసెంబరు చివరి వారం. సూర్యాపేటలో మా నాయనమ్మ ఇల్లు అమ్మేశాం. మంచాలు, బీరువా, ఇత్తడి గుండిగలు, ఎవరికీ అక్కర్లేకపోయినా వదిలిపెట్టడానికి మనసొప్పని రోలు, అన్నీ లారీకెత్తించి, వెనకాల కారులో నేనూ, మావారూ, మా తమ్ముడూ బయల్దేరాం. చౌటుప్పల్ దగ్గర కారు మొరాయించింది. మెకానిక్కు వచ్చేదాకా మావారు కారు దగ్గర ఉండిపోయారు. "మీరిద్దరూ లారీలో వెళ్ళి సామాను దింపించండి" అన్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తమ్ముడు కిందనుంచి, డ్రైవరు పైనుంచి సాయం చేస్తే ఎలాగో ఎక్కాను. ఆ దృశ్యం చూసి మావారు నవ్వారు. ఆయనకి ఇంకా బాకీ ఉన్నాను.

పెద్ద లారీలని పగలు నగరంలోకి రానివ్వరు. హయత్‌నగర్ ఇవతల రోడ్డు పక్కన పెట్టుకుని, రాత్రి పొద్దుపోయేదాకా కాచుకుని ఉండాలి. అక్కడ వరసగా ఎన్ని లారీలో! టీకొట్టు దగ్గర డ్రైవర్లంతా ఒకటే మాట, పదేళ్ళు, పదేళ్ళు అని. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అప్పుడే వచ్చిన కొత్త చట్టంలో, మనిషి చావుకి కారణమై పోలీసులకి చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకి పదేళ్ళదాకా శిక్ష అని రాశారట. అదివరకు నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే రెండేళ్ళు ఉండేది.

"మంచిదే కదా, గుద్దేసి పారిపోతే ఊరుకుంటారా?" అన్నాను తమ్ముడితో. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

రాత్రి పదిన్నర దాటాక బండి కదిలింది. అంత ఎత్తున కూర్చుంటే లోకమంతా కనబడుతుందనుకున్నాను. తీరా చూస్తే, దూరాన ఉన్నవే కనబడుతున్నాయి. దగ్గరవి మాయం! ఎడమ తలుపు పక్కనుంచి ఒక స్కూటరు దూరింది. అద్దంలో ఒక్క క్షణం మెరిసి, తర్వాత లేదు. ఎటు పోయిందా అని నేను తల బయటికి పెట్టి చూస్తే, మా చక్రానికి జానెడు దూరంలో ఉంది. ఇద్దరు పిల్లలు, హెల్మెట్లు లేవు, కబుర్లు చెప్పుకుంటున్నారు. ముందు బంపరుకి ఆనుకుని పోయే మనిషీ అంతే, కుడిపక్క కూర్చున్న డ్రైవరుకి కనబడడు. మలుపు తిరిగేటప్పుడు ఇంకో తిరకాసు. ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు. మూలకోసుకుంటూ లోపలికి వస్తాయి. ముందు భాగం తప్పుకుపోయింది కదా అని నిలబడ్డవాడి మీదికి వెనక భాగం వస్తుందన్నమాట. ఇంతకాలం ఎన్ని లారీల పక్కన నా స్కూటీ ఆపుకుని, సిగ్నలు దగ్గర కొంగు సర్దుకున్నానో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"క్లీనరు లేడా అన్నా?" అని అడిగాను. వెనకటి రోజుల్లో ఎడమ తలుపు దగ్గర ఒక కుర్రాడు వేలాడుతూ, రేకు మీద దబదబా కొట్టి, "రానీ, రానీ, ఆగాగు!" అనేవాడు.

"యాడున్నరమ్మా ఇప్పుడు క్లీనర్లు! వానికిచ్చే పైసలు మిగిలితే చాలంటరు ఓనర్లు" అన్నాడు. అంటే ఆ బండికున్న ఎడమ కన్ను తీసేశారన్నమాట. మాది ఇంటి సామాను, ఆరు చక్రాల బండి. అదే పది చక్రాల లారీ అయితే, సరుకుతో కలిపి 28.5 టన్నులదాకా చట్టమే ఒప్పుకుంటుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. మనం "అయ్యో" అని కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికే ఆ 11 మీటర్లూ అయిపోతాయి. బండి ఆగడం మొదలయ్యేది ఆ తర్వాత.

ఎల్బీనగర్ దాటుతుంటే ఆయనే ఎత్తాడు మాట. టీకొట్టు దగ్గర నేనన్నది విన్నట్టున్నాడు.

"నేను గూడ ఉరికినోణ్ణేనమ్మా. పదిహేనేండ్లాయె. ఎడమకు మలుపుతున్న, పోరడు బండి మీద లోపల జొచ్చిండు. నేను జూడలే. క్లీనరు మొత్తుకున్నంక దిగి చూసిన. గంతే, మందొస్తున్నరు. ఉరికిన. సక్కగ ఠాణాకు పోయి కూసున్న."

"ఆ అబ్బాయి?"

"సచ్చిండో, బతికిండో... రెండు దినాలదాకా నాకెవ్వలు చెప్పలే. తర్వాత చెప్పిండ్రు." ఏం చెప్పారో ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

"ఒక్క నిమిషం ఆగి ఉండవలసింది కదా అన్నా?"

"ఆగుదుననే ఉండె. ఆగితే సంపుతరమ్మా."

కాలేజీలో నేను చదివింది బి.ఎ. ఫిలాసఫీ. చదువు మరిచిపోయినా, అలవాటు పోదు. బెర్నార్డ్ విలియమ్స్ అని ఒక ఇంగ్లీషు తత్త్వవేత్త, 1976లో మోరల్ లక్ అనే వ్యాసంలో, సరిగ్గా ఒక లారీ డ్రైవరునే ఉదాహరణగా తీసుకున్నాడు. తన తప్పేమీ లేకుండానే అతని బండి కింద ఒక పసివాడు పడ్డాడనుకోండి. చూస్తున్నవాళ్ళందరికీ దుఃఖమే. కానీ డ్రైవరు పడే బాధ వేరు. అది జరిగింది తన చేతిమీదుగా. "నీ తప్పు లేదయ్యా" అని మనం ఓదార్చాలి, నిజమే. కానీ చెప్పీచెప్పగానే "అవును, లేదు" అని దులుపుకుని పోయేవాణ్ణి చూస్తే మనకే అనుమానం కలుగుతుంది, అంటాడాయన.

పరీక్ష కోసం బట్టీపట్టిన ఈ సంగతి నాకు మా వంటింట్లోనే తెలిసి ఉండాల్సింది. నా పక్కన కూర్చున్న ఈ తమ్ముడికి రెండేళ్ళప్పుడు, నాయనమ్మ అన్నం గిన్నె దించి గంజి వారుస్తుంటే, వాడు పాక్కుంటూ ఆవిడ వెనకనుంచి వచ్చాడు. మోచేతి నుంచి భుజం దాకా ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "మీరు చూడలేదు కదత్తయ్యా" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాయనమ్మ ఎదురు చెప్పేది కాదు. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ గంజి వార్చలేదు. అత్తెసరు పెట్టేది. మేం మెతుకులు పలుకుగా ఉన్నాయని గొణిగేవాళ్ళం, ఎందుకో తెలియక.

నాయనమ్మకి ఉండడానికి ఇల్లుంది. వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆవిడే. రాత్రంతా మంచం పక్కన కూర్చుంది ఆవిడే. చేసిన చేతులతోనే చేయవలసింది చేసింది. ఈ డ్రైవరుకి ఆ అవకాశం ఎవరిచ్చారు?

ఇవ్వనివాళ్ళలో నేనూ ఉన్నాను. అదీ చెప్పేస్తాను. డిగ్రీ రెండో సంవత్సరంలో, బస్సు కోసం నిలబడి ఉండగా, ఒక సైకిలు లారీ కింద పడింది. డ్రైవరు పారిపోయాడు. క్లీనరు దొరికాడు. పదహారేళ్ళుంటాయేమో. అతను నడపలేదని అందరికీ తెలుసు. అయినా కొట్టారు. "కావలసిందే వీళ్ళకి" అన్నాను నేను, పక్కనున్న స్నేహితురాలితో. కింద పడిన మనిషి దగ్గర ఎవరున్నారో గుర్తుతెచ్చుకుందామని ఆ రాత్రి లారీలో కూర్చుని చాలా ప్రయత్నించాను. కొట్టినవాళ్ళే గుర్తొచ్చారు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షను ఉంది. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడవలసిన బాధ్యత డ్రైవరుది, కానీ జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప, అని అందులోనే రాసి ఉంది. చూశారా? మన కోపాన్ని గాలివాన లాగా, వరద లాగా లెక్కవేసి మినహాయింపు ఇచ్చింది చట్టం. మనం మనుషులమని అనుకోలేదు. చదివినప్పుడు నాకు సిగ్గనిపించింది.

అలాగని ఆ డ్రైవరుని నేను పూర్తిగా వదిలేయలేకపోతున్నాను. ఆ పోరడికీ ఒక తల్లి ఉంటుంది. "ప్రాణభయంతో పరిగెత్తాను" అంటే, "నా కొడుకు పరిగెత్తలేకపోయాడు బాబూ" అంటుంది ఆవిడ. దానికి ఏ తత్త్వవేత్త దగ్గరా జవాబు లేదు. పోలీసులకి చెప్పినవాడికి ఆ పదేళ్ళ నిబంధన వర్తించదంటారు. ఠాణాకి పోయి కూర్చోవడం నేరం కాకపోవచ్చు. కానీ మనిషి నెత్తురోడుతుంటే వెన్ను చూపడం చట్టానికి తెలిసినంత తేలిక సంగతి కూడా కాదు. అది ఆయనకీ తెలుసు. తెలియకపోతే పదిహేనేళ్ళ తర్వాత, అడక్కుండా, మొహం తెలియని నాతో ఎందుకు చెబుతాడు?

"నువ్వయితే ఆగేదానివా అక్కా?" అన్నాడు తమ్ముడు మెల్లగా. చటుక్కున ఆగేదాన్నని చెప్పబోయి, ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే, 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు మీకు గుర్తుండే ఉంటాయి. రెండు గంటలు నేనూ నిలబడ్డాను స్కూటీతో. చుట్టూ అందరూ లారీవాళ్ళని తిడుతున్నారు. ఈసారి నేను గొంతు కలపలేదు. అడ్డమూ చెప్పలేదు, అదీ నిజమే. ఆ ఏడాది జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, ఆ ఒక్క నిబంధనని మాత్రం అమలు చేయకుండా పక్కన పెట్టారు.

ఆ రాత్రి సంగతి ముగించనివ్వండి. మా సందులోకి బండి తిరిగేసరికి ఒంటిగంటయింది. రెండువైపులా కార్లు, గుమ్మాల్లో పూలకుండీలు. తమ్ముడు ముందు నడిచాడు. నేను ఎడమపక్క దిగి, రేకుమీద చేత్తో కొడుతూ, "రానీ, రానీ" అన్నాను. నా గొంతుకి కుక్కలన్నీ లేచాయి. ఎదురింటావిడ కిటికీ తీసి చూసి, నేనేనా అని మళ్ళీ చూసింది.

సామాను దింపేసరికి రెండున్నర. డ్రైవరుకి టీ ఇచ్చాను. తాగి, బండి ఎక్కబోతూ ఆగి, వెనక చక్రాల దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

"నేను చూశానన్నా, ఎవరూ లేరు. వెళ్ళండి" అన్నాను, ఫోను లైటు పట్టుకుని.

"సరేనమ్మా" అన్నాడు. అని, లైటు ఇటు పట్టమని సైగ చేసి, రెండోవైపు కూడా వంగి చూశాడు.