ఇంటికో గంట

మా నాయనమ్మ మడిచీర ఆరేసే దండెం మాకెవరికీ అందని ఎత్తులో ఉండేది. తడిచీరను వెదురుకర్రతో పైకెత్తి ఆరేసేది. ఆరాక ఆ కర్రతోనే కిందికి దించుకునేది. అది కట్టుకుని వంటింట్లోకి వెళ్లిందంటే ఇక మాకు ఒకటే మాట: "దూరంగా ఉండరా నాన్నా!" ప్రేమ లేక కాదు. పూజ అయ్యాక తనే పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రసాదం పెట్టేది. అయినా నా పసిమనసులో ఒకటి నాటుకుపోయింది. పవిత్రంగా ఉండడమంటే ఎవరినీ తాకకుండా, ఎవరి చేతికీ అందకుండా ఉండడమని. పెద్దయ్యాక ఆ ఊహకున్న రెండో ముఖం చూశాను. మనుషుల్ని ఊరి చివరికి నెట్టేసిందీ ఆ ఊహే.

దాన్ని నాలోంచి పెకలించినవాడు ఎక్కడో 17వ శతాబ్దపు ఇంగ్లాండులో బతికిన ఒక పాస్టరు. పేరు రిచర్డ్ బాక్‌స్టర్. ప్యూరిటన్. చర్చిలో మరింత శుద్ధి కావాలన్న క్రైస్తవులకు ఆ పేరు. ఆ మాట వినగానే మనకు నల్లకోటు, ముడిపడిన కనుబొమలు, నవ్వు ఎరగని మొహం గుర్తొస్తాయి. నేనూ అలాగే అనుకుని అతని పుస్తకం తెరిచాను.

బాక్‌స్టర్ 1615లో ష్రాప్‌షైర్ పల్లెసీమలో పుట్టాడు. తండ్రి ఒకప్పుడు జూదంలో ఆస్తి పోగొట్టుకున్నవాడు. తరువాత ఎవరి బోధా లేకుండా, బైబిలు చదువుకుంటూ తనంతట తానే మారాడు. వాళ్ల వాకిలికి దగ్గర్లోనే ఒక పెద్ద చెట్టు, పక్కన మేపోల్ అనే ఆటస్తంభం ఉండేవి. ఆదివారం వచ్చిందంటే ఊరంతా అక్కడ చేరి చీకటి పడేదాకా డప్పు, పిల్లనగోవి మోగిస్తూ గంతులేసేవారు. ఆ ఊదేవాడు తండ్రి పొలం కౌలుకు చేసేవాడే. అయినా ఆపమంటే ఆగేవాడు కాదు. ఇంట్లో వాక్యం చదువుకుందామంటే ఆ హోరులో మాట వినపడదు. కుర్రవాడికి తనూ వెళ్లి గంతులేయాలని ఎన్నోసార్లు అనిపించింది. ఆ సంగతి దాచకుండా రాసుకున్నాడు. అతన్ని ఆపింది తండ్రి కోపం కాదు, బయటివాళ్లు తండ్రిని అన్న ఒక మాట. వాళ్లు ఆయన్ని ప్యూరిటన్ అని వెక్కిరించేవారు. ఆయన చర్చి పద్ధతుల్లో దేన్నీ కాదన్నవాడు కాదు, ప్రార్థన కూడా పుస్తకం చూసి చేసుకునేవాడు. ఆదివారం ఇంట్లో కూర్చుని బైబిలు చదివినందుకే ఆ బిరుదు. మంచిగా బతకాలనుకున్న మనిషికి లోకం ఏ పేరు పెడుతుందో ఆ పిల్లవాడికి అప్పుడే అర్థమైంది.

1641లో, పాతికేళ్ల వయసులో, కిడ్డర్‌మిన్‌స్టర్ అనే నేతగాళ్ల ఊరికి బోధకుడిగా వచ్చాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలై, మధ్యలో కొన్నేళ్లు దూరమయ్యాడు. 1647లో తిరిగివచ్చి 1660 దాకా అక్కడే పనిచేశాడు. ఒళ్లు ఎప్పుడూ స్వాధీనంలో లేని మనిషి. జబ్బుపడి ఇక బతకననుకుని, తన అంత్యక్రియల ప్రసంగంలాగా రాసుకోవడం మొదలుపెట్టిందే పెరిగి పెరిగి 'పరిశుద్ధుల నిత్యవిశ్రాంతి' అనే పెద్ద గ్రంథమైంది. అది 1650లో అచ్చయింది. మందు తెలిసినవాడు ఊళ్లో లేకపోతే తనే పుస్తకాలు చూసి వైద్యం చేసేవాడు. ఒక్కోరోజు ఇరవైమంది దాకా గుమ్మం ముందు నిలబడేవారు. పైసా తీసుకోలేదు. కొన్నేళ్లకు ఒక వైద్యుణ్ణి ఊరికి రప్పించాకే ఆ పని మానాడు.

ఆదివారం అతని ప్రసంగానికి చర్చి చాలక లోపల ఐదు గ్యాలరీలు కట్టించారు. మరొకరైతే ఆ జనాన్ని చూసి తృప్తిపడేవారు. బాక్‌స్టర్‌కు అక్కడే అనుమానం వచ్చింది. ఇంతమంది వింటున్నారు, ఎవరికి ఎంత అందుతోంది?

అప్పుడు పెట్టుకున్నాడు ఒక పద్ధతి. ఆ సంఘంలో సుమారు 800 కుటుంబాలు. వారానికి రెండు రోజులు, సోమవారం, మంగళవారం. అతనూ సహాయకుడూ కలిసి పద్నాలుగు కుటుంబాలను చూడాలి. సహాయకుడు చుట్టుపక్కల పల్లెలకు వెళ్తాడు. ఊళ్లోవాళ్లు మధ్యాహ్నం పూట బాక్‌స్టర్ ఇంటికి వస్తారు. ఎవరు ఎప్పుడు రావాలో చర్చి గుమాస్తా వారం ముందే ఇంటికెళ్లి చెప్పి వస్తాడు. ఒక్కో ఇంటికి సుమారు ఒక గంట.

ఆ గంటను నేను చాలాసార్లు ఊహించుకున్నాను. మగ్గం మీంచి లేచి వచ్చిన మనిషి, భార్య, పిల్లలు. ముందు విశ్వాసపు ప్రశ్నోత్తరాలు అప్పజెప్పమంటాడు. తరువాత ఆ మాటలకు అర్థం ఏమిటో మెల్లగా అడుగుతాడు. జవాబు రాకపోతే అవమానించడు. చివర, ఇది నీ బతుకులో ఎక్కడుంది అని అడుగుతాడు. ఆ సమయంలో పక్కింటివాళ్లను లోపలికి రానివ్వడు. పదిమందిలో తెలియదని చెప్పాలంటే సిగ్గుపడతారని అతనికి తెలుసు. అలా వచ్చినవాళ్లలో కంటతడి పెట్టకుండా వెళ్లిన కుటుంబాలు తక్కువట. వెళ్లేటప్పుడు చేతిలో ఒక పుస్తకం పెట్టేవాడు. లెక్క వేసి చూడండి. వారానికి పద్నాలుగు చొప్పున 800 ఇళ్లు ఒక చుట్టు తిరగడానికి ఏడాది పైనే పడుతుంది. అయ్యాక మళ్లీ మొదలు. మొదట వచ్చినప్పుడు ఒక వీధికి ఒక్క ఇంట్లో ప్రార్థన వినిపిస్తే గొప్ప. వెళ్లిపోయేనాటికి కొన్ని వీధుల్లో ఒక్కో వైపున ప్రార్థన లేని ఇల్లు ఒకటికి మించి లేదని అతను రాసుకున్నాడు.

ఆ అనుభవంతో అతను తేల్చి చెప్పిన సంగతి ఒకటి నన్ను నిలువునా కోసింది. పదేళ్లు ప్రసంగాలు విన్నా ఏమీ అంటనివాళ్లు కొందరు, ఎదురుగా కూర్చుని మాట్లాడిన అరగంటలో అంతకన్నా ఎక్కువ గ్రహించారట.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. బాగా చెబుతానని పేరుంది. కొన్నేళ్ల కిందట ఒక కుర్రవాడు, చివరి బెంచీలో గోడవైపు కూర్చునేవాడు, దసరా సెలవుల తరువాత రావడం మానేశాడు. హాజరుపట్టీలో అతని నంబరు ఎదురుగా రోజూ ఎర్రసిరాతో 'ఆబ్సెంట్' అని పెట్టాను. నెల రోజులు పెట్టాను. ఎందుకు రావడం లేదని ఎవరినీ అడగలేదు. ఆరోజుల్లోనే నిజాయితీ మీద, బాధ్యత మీద అదే తరగతిలో ఎన్నో మంచిమాటలు చెప్పాను. ఆ మరుసటి వేసవిలో ఒక కొత్త భవనం దగ్గర సెంట్రింగ్ పనిలో కనిపించాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. "నాన్న పోయారు సార్" అన్నాడు. అంతే. నేను తిరిగి ఏమన్నానో నాకే గుర్తులేదు. అతని పేరు మాత్రం ఆ క్షణంలో నోటికి రాలేదన్నది గుర్తుంది. నంబరు గుర్తొచ్చింది.

నేను తప్పు చేయలేదు. పాఠం ఎగ్గొట్టలేదు, లంచం తీసుకోలేదు, ఎవరినీ కించపరచలేదు. నా మడి భద్రంగానే ఉంది. ఎవరికీ అందనంత ఎత్తులో ఆరేసుకున్నాను.

1655 డిసెంబరులో వూస్టర్ ప్రాంతపు పాస్టర్లు ఒకచోట కూడి, తమ నిర్లక్ష్యాన్ని దేవుని ముందు ఒప్పుకోవాలనుకున్నారు. జనం పాపాలను కాదు, తమ పాపాలను. బాక్‌స్టర్ మాట్లాడవలసింది, జబ్బు చేసి వెళ్లలేకపోయాడు. చెప్పాలని సిద్ధం చేసుకున్నదాన్నే అచ్చుకు ఇచ్చాడు. మరుసటి ఏడాది 'ది రిఫార్మ్‌డ్ పాస్టర్' పేరుతో వచ్చిన పుస్తకం అదే. బైబిల్లో ఎఫెసు సంఘపు పెద్దలకు అపొస్తలుడు పౌలు చేసిన హెచ్చరికే దానికి మూలం: ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి, తరువాత మందను. నోరు ఒకటి చెబుతూ బతుకు దాన్ని చెరిపేస్తుంటే ఆ బోధకుడు తన పనిని తానే పాడుచేసుకుంటాడని ఆ పుస్తకమంతా ప్రాధేయపడతాడు. పరిశుద్ధత అతనికి ఒక స్థితి కాదు, రోజువారీ పని. పొద్దున లేచి మళ్లీ మొదలుపెట్టవలసిన పని.

కాలం విషయంలో బాక్‌స్టర్ పరమ లోభి. క్షణం వృథా పోకూడదంటాడు. 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ పెట్టుబడిదారీ మనస్తత్వం ఎక్కడ పుట్టిందో వెతుకుతూ, ఈ పొదుపునే పట్టుకుని బాక్‌స్టర్‌ను పదేపదే ఉదాహరించాడు. ఆయన చూసినదాంట్లో నిజం ఉండవచ్చు. కానీ నాకు సోమవారం మధ్యాహ్నాలు కనిపిస్తాయి. అంత లోభంగా కూడబెట్టుకున్న కాలాన్ని ఈ మనిషి ఎవరికి ఖర్చుపెట్టాడు? చదువురాని నేతగాడికి, ఒక గంట, తలుపు మూసి, మరెవరూ లేకుండా. అంతటి దాత కావాలంటే అంతటి లోభి కావాలేమో.

తరువాతి బతుకు సుఖంగా సాగలేదు. రాజరికం తిరిగి వచ్చాక బిషప్ పదవి ఇస్తామన్నారు, వద్దన్నాడు. చర్చి పద్ధతులన్నిటికీ తలొగ్గాలంటూ 1662లో వచ్చిన చట్టం సుమారు రెండువేలమంది పాస్టర్లను వీధిన పడేసింది, వాళ్లలో అతనొకడు. 1685లో, అరవై తొమ్మిదేళ్ల ముసలితనంలో ఉన్న అతన్ని, అతని రాతల మీద పెట్టిన కేసులో జెఫ్రీస్ అనే న్యాయమూర్తి నిండు కోర్టులో నోటికొచ్చినట్టు తిట్టి జరిమానా వేశాడు. దాదాపు ఏడాదిన్నర జైలులో ఉన్నాడు.

అతని మాటలన్నీ నేను ఒప్పుకోను. నరకం గురించి అతని భాష చదివితే నాకు భయం వేస్తుంది. వాదాలకు దిగితే కలం చాలా పదును. ఆ సంగతి అతనే గ్రహించి బాధపడ్డాడు. ఆత్మకథలో తన పడుచుతనపు మనసునూ తరువాతి మనసునూ పక్కపక్కన పెట్టి చూసుకున్న పుటలున్నాయి. మంచివాళ్లు తను అనుకున్నంత మంచివాళ్లు కారనీ, చెడ్డవాళ్లు అనుకున్నంత చెడ్డవాళ్లు కారనీ అక్కడ ఒప్పుకున్నాడు. వందల ఇళ్లవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నవాడికే ఆ చూపు వస్తుంది. దూరం నుంచి చూసేవాడికి మనుషులు రెండే రంగుల్లో కనిపిస్తారు.

నాయనమ్మ మడిని నేను తక్కువ చేయను. ఆవిడ దేవుడి ఎదుటకు వెళ్లేముందు తనను తాను సిద్ధం చేసుకుంది. నేను ఆ సిద్ధపడడం దగ్గరే ఆగిపోయాను. పూజ అయ్యాక ఆవిడ పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకున్న సంగతి మరిచిపోయాను. మడి ఆ పిలుపు కోసమేనని అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు, పరాయిదేశపు పాస్టరు ఒకడు కావలసి వచ్చింది.

సోమవారం మూడో పీరియడ్ నాకు ఖాళీ. ఈ ఏడాది హాజరుపట్టీలో ఎర్రసిరా ఎక్కువైన ఇద్దరి పేర్లు రాసుకున్నాను. మొదటి అమ్మాయిని ఈ సోమవారం రమ్మన్నాను.