దానమా? దాసోహమా?

కలిమి గలవాడు లేనివానికిచ్చునది దానము. బసవేశ్వరుని మార్గమున దానముకంటె దాసోహమునకే పెద్దపీట. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును. దాసోహమున ఇచ్చువాడే సేవకుడు. కాయకముచే ఆర్జించి, తనకు వలసినంత గ్రహింపగా మిగిలినది జంగమమునకు, అనగా సమాజమునకు, చెందినదని శరణుల నిశ్చయము.

ఇచట నొక ధర్మసందేహము కలుగును. ఆయ్దక్కి మారయ్య కథ ఎల్లరెరిగినదే. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలనేరుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చిన భర్తను లక్కమ్మ మందలించి, ఎక్కువైన బియ్యమును అచటనే పోసి రమ్మని పంపెను. రేపటికి దాచుటయే దోషమైనచో, మూలధనము కూడబెట్టి భూములు, భవనములు సంపాదించు ధర్మసంస్థ శరణమార్గమునకు సమ్మతమెట్లగును?

శిరసంగి లింగరాజ దేశాయి (1861-1906) జీవితము దీనికి సమాధానము. 1904లో ధార్వాడలో జరిగిన వీరశైవ మహాసభ ప్రథమ సమావేశమునకు ఆయన అధ్యక్షుడు. తన సంస్థానపు ఆస్తిని సమాజమునందలి బీద విద్యార్థుల చదువునకై మరణశాసనమున వ్రాసియిచ్చి లింగైక్యమందెను. ఆ ఆస్తిని ఒక్కనాడే పంచిపెట్టియున్నచో కొందరి ఆకలి కొన్నినాళ్లు తీరెడిది. ధర్మనిధిగా నిలిచినందున తరతరముల పిల్లల చదువునకు ఆధారమైనది. 1916లో బెళగావిలో కొందరు ఉపాధ్యాయులు ఒక్క పాఠశాలతో ఆరంభించిన కర్ణాటక లింగాయత విద్యాసంస్థ, 1933లో తాను నెలకొల్పిన కళాశాలకు ఆ దాత పేరే పెట్టినది.

లక్కమ్మ నిరసించినది తనకై దాచుటను. పరులకై కాపాడుటను కాదు. చెరువున నీరు నిలుచుట దోషము కాదు, తూము తెరవకుండుటయే దోషము. ధర్మకర్త నిధికి యజమాని కాడు, కాపరి. పదవి వారసత్వమైననాడు, శిలాఫలకముపై పేరు విద్యార్థి ఆకలికంటె ముఖ్యమైననాడు, దాసోహము తిరిగి దానమైపోవును. అహంకారము దానికి వడ్డీ.

మరియొక ప్రశ్న. సమాజపు నిధి సమాజమునకేనా? కులము నడుగని అనుభవమంటపము మన పుట్టినిల్లు. తుమకూరు సిద్ధగంగామఠమున కులమతభేదము లేక వేలాది బాలబాలురకు అన్నము, విద్య లభించుచున్నవి. ఇంటివారితో ఆరంభమై ఊరివారిని చేర్చుకొనుటయే ధర్మసంస్థకు నిజమైన వృద్ధి.

ఏటేటా లెక్కలు చదువునపుడు నిధి ఎంత పెరిగినదని మాత్రమే కాక, ఎన్ని గడపలకు చేరినదని కూడ పెద్దలు చెప్పవలెను. ఆ రెండవ లెక్కయే బసవన్న అడుగు లెక్క.