ఆదా అయ్యే కాలం ఎవరిది? నగరనిర్మాణ క్రీడల్లో పారితోషికం - ఒక నైతిక పరిశీలన

బహుమతి అనే మాటలో ఒక షరతు ఇమిడి ఉంది. ఇచ్చేవారు తమదైన దానినే ఇవ్వాలి. ఒకరి సొత్తును వారికే తిరిగి అప్పగించడాన్ని లోకం బహుమతి అనదు. బాకీ తీర్చడం అంటుంది. అంతర్జాలంలో ఆడే నగరనిర్మాణ క్రీడల్లో 'కాలాన్ని ఆదా చేసే' వస్తువులను పారితోషికంగా ఇవ్వడం ఇప్పుడు పరిపాటి. అటువంటి కొత్త వస్తువులను ఆటగాళ్లే రూపొందించి నిర్మాతల ముందు ప్రతిపాదించడమూ ఉంది. ఆ ప్రతిపాదనలపై చర్చ సాధారణంగా వస్తువు ఎంత ఉపయోగకరం, దానిని ఎంత అరుదుగా ఇవ్వాలి అన్న అంశాల చుట్టూ తిరుగుతుంది. ఆదా అయ్యే కాలం అసలు ఎవరిది అన్న ప్రశ్న వాటికంటే ముందుది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలించి, దాని వెలుగులో ఒక వస్తువును ప్రతిపాదిస్తుంది.

గణకయంత్ర క్రీడలకు సాహిత్య పరిశోధనలో చోటేమిటన్న సందేహం కలగవచ్చు. నియమాలకు లోబడి, అడ్డంకులను కోరి తెచ్చుకుని, సభ ఎదుట ఆడే అవధానాన్ని సాహిత్య క్రీడగా గౌరవించే సంప్రదాయం మనది. క్రీడలో ఏ కష్టం సార్థకం, ఏ కష్టం వ్యర్థం అన్న విచారణకు తెలుగు పాఠకుడి దగ్గర సొంత కొలబద్ద ఉన్నదని ముందు పుటల్లో తేలుతుంది.

వేగం: హక్కు నుంచి పారితోషికానికి

విల్ రైట్ రూపకల్పనలో మాక్సిస్ సంస్థ 1989లో వెలువరించిన సిమ్‌సిటీలో ఆటగాడు ఒక నగరానికి అధిపతి. రహదారులు వేయడం, విద్యుత్తు సమకూర్చడం, పన్నులు విధించడం అతని పనులు. ఆ ఆటలో కాలం ఎంత వేగంగా నడవాలో నిర్ణయించే అధికారం కూడా అతనిదే. నెమ్మదిగా, మధ్యరకంగా, వేగంగా అన్న ఎంపికలతో పాటు కాలాన్ని పూర్తిగా నిలిపివేసే వీలూ ఉండేది. ఖజానా నిండేవరకు ఆగలేనివారు సంవత్సరాలను పరుగెత్తించేవారు. వంతెన ఎక్కడ కట్టాలో తేల్చుకోలేనివారు కాలాన్ని ఆపి ఆలోచించుకునేవారు. దీనికి రుసుము లేదు, అర్హత లేదు. ఆట కొన్నవారందరికీ అది సమానంగా అందింది.

అదే పేరు పరంపరలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2014లో సెల్‌ఫోన్ల కోసం సిమ్‌సిటీ బిల్డ్‌ఇట్‌ను విడుదల చేసింది. ఇందులోని కర్మాగారం లోహాన్ని 1 నిమిషంలో, కలపను 3 నిమిషాల్లో, ప్లాస్టిక్‌ను 9 నిమిషాల్లో తయారుచేస్తుంది. రసాయనాలకు 2 గంటలు, విద్యుత్ పరికరాల భాగాలకు 7 గంటలు పడుతుంది. ఇవి ఆటలోని ఊహాకాలపు గంటలు కావు, ఆడేవారి గోడ గడియారంలోని గంటలు. ఈ నిరీక్షణను కుదించడానికి వేగవర్ధక టోకెన్లు ఉన్నాయి: తాబేలు బొమ్మ ఉన్నది 2 రెట్లు, లామా 4 రెట్లు, చిరుతపులి 12 రెట్లు వేగాన్నిస్తాయి. ఆటలో నిర్దేశించిన పనులు నెరవేర్చినవారికి వీటిని పారితోషికంగా ఇస్తారు. 1989లో ప్రతి ఆటగాడి చేతిలో ఉన్న మీట పాతికేళ్ల తరువాత సంపాదించుకోవలసిన వస్తువుగా మారిందన్నమాట. తాబేలును వేగానికి చిహ్నంగా ఎంచుకోవడంలోని హాస్యం రూపకర్తలు ఎరిగి చేసినదే కావచ్చు.

హాంబర్గ్‌లోని ఇన్నోగేమ్స్ సంస్థ 2012లో ప్రారంభించిన ఫోర్జ్ ఆఫ్ ఎంపైర్స్‌లోనూ కథ ఇదే. రాతియుగపు గుడిసెల నుంచి యుగాలు దాటుతూ సాగే ఈ ఆటలో సరకులు తయారుచేసే కట్టడాలకు 5 నిమిషాలు, 15 నిమిషాలు, 1 గంట, 4 గంటలు, 8 గంటలు, 1 రోజు అనే వ్యవధులున్నాయి. ఉత్పత్తిని తక్షణం ముగించే వస్తువులు ఇక్కడా బహుమతులే.

రెండు కాలాలు

ఈ ఆటల్లో ఖర్చయ్యే కాలం ఒకటి కాదు, రెండు. ఆదేశం ఇచ్చాక ఫలితం వచ్చేవరకు గడిచేది నిరీక్షణకాలం. తెరను చూస్తూ, కట్టడాల మీద ఒక్కొక్కదానిగా వేలు నొక్కుతూ, సిద్ధమైనది వసూలు చేసి మళ్లీ అదే ఆదేశం ఇచ్చే కాలం రెండవది. దీనిని అవధానకాలం అందాం. ఇక్కడ అవధానమంటే మనసు పెట్టి ఉండడమనే మూలార్థమే.

నిరీక్షణకాలంలో ఆటగాడు స్వేచ్ఛాజీవి. రాత్రి పడుకోబోయే ముందు 7 గంటల పని అప్పగించినవారికి ఆ 7 గంటల వెల శూన్యం, వారు నిద్రపోయారు. అదే పనికి చిరుతపులి టోకెన్ వాడితే 7 గంటలు 35 నిమిషాలవుతాయి. ఆ వేగాన్ని పూర్తిగా వినియోగించుకోవాలంటే 35 నిమిషాలకొకసారి తెర ముందుకు రావాలి. 7 గంటల లెక్కన చూస్తే 12 సార్లు. అంటే ఆదా అయినది ఆటగాడికి ఖర్చే లేని కాలం. పెరిగినది అతనికి నిజంగా ఖర్చయ్యే కాలం. కాలాన్ని ఆదా చేస్తుందని పేరు పడిన వస్తువు తన పేరుకు సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తోంది. ఉత్పత్తి పెరుగుతుంది కదా అని సమాధానం చెప్పవచ్చు. పెరుగుతుంది. కానీ అది ఉత్పత్తిని పెంచే వస్తువని చెప్పి ఇవ్వాలి, కాలాన్ని మిగిల్చే వస్తువని కాదు.

అంగమైన అడ్డంకి, అంటుకున్న అడ్డంకి

ఆటలోని కష్టాన్ని తగ్గించమనడమే తప్పని ఒక వాదం ఉంది. బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువడిన 'ద గ్రాస్‌హాపర్' గ్రంథంలో, అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా అధిగమించే యత్నమే ఆట అని నిర్వచించాడు. గోల్ఫ్ బంతిని చేత్తో తీసుకువెళ్లి గుంటలో వేయడం సులువు. అలా వేస్తే అది గోల్ఫ్ కాదు. ఈ నిర్వచనాన్ని అంగీకరిస్తే, నిరీక్షణా పదేపదే నొక్కడమూ ఆటలోని అడ్డంకులేననీ, వాటిని తొలగించాలనడం ఆటను తొలగించాలనడమేననీ వాదించవచ్చు.

నిషిద్ధాక్షరిని గుర్తుచేసుకుంటే ఈ వాదంలోని లోటు తెలుస్తుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాగల అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు నిషేధిస్తాడు. నిషేధం లేకపోతే పద్యం త్వరగా పూర్తవుతుంది. అయినా 'ఈ పూట మీకు నిషేధం ఎత్తివేస్తున్నాం, ఇదే మా సన్మానం' అంటే ఏ అవధానీ సంతోషించడు. అది అతని విద్యను తీసివేయడం. నాలుగు ఆవృత్తులుగా సాగే పూరణను ఒక్క ఆవృత్తికి కుదించినా కాలం కలిసివస్తుంది. ధారణకు మాత్రం పరీక్ష ఉండదు. మధ్యలో గడిచే వ్యవధే అక్కడ పరీక్ష. ఇక, సభలో మైకు చెడిపోయి ప్రతి ప్రశ్ననూ మూడుసార్లు అడగవలసి వస్తే అదీ అడ్డంకే. దానిని ఎవరూ అవధానంలో భాగమనుకోరు. మైకు బాగుచేయించిన నిర్వాహకులు ఆ పనిని అవధానికి చేసిన సత్కారంగా ప్రకటిస్తే సభ నవ్వుతుంది.

మొదటిది ఆటకు అంగమైన అడ్డంకి, రెండవది ఆటకు అంటుకున్న అడ్డంకి. నగరనిర్మాణ క్రీడల్లో ఏది ఏది? 5 నిమిషాల పనినా, 1 రోజు పనినా అప్పగించడం అన్నది వివేచన. తక్కువ వ్యవధి పనులకు గంటకు వచ్చే ఫలం ఎక్కువ, కాని అవి వెంట ఉండి చూసుకోవాలి. దీర్ఘవ్యవధి పనులకు ఫలం తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. తన రోజు ఎలా గడవబోతోందో అంచనా వేసుకుని ఆటగాడు ఎంచుకుంటాడు. నిరీక్షణ ఉండబట్టే ఆ ఎంపికకు బరువుంది. కనుక నిరీక్షణ చాలావరకు అంగమే. నిన్న ఎంచుకున్నదే ఈరోజూ ఎంచుకుంటూ ముప్పై కట్టడాల మీద ముప్పైసార్లు వేలు నొక్కడంలో వివేచన లేదు. ఎంపిక అప్పటికే జరిగిపోయింది; జరుగుతున్నది దాని నకలు. ఇది అంటుకున్నది. ప్రస్తుతం ఎక్కువగా కనిపించే వేగవర్ధకాలు అంగాన్ని కోసివేసి, అంటుకున్నదానిని రెట్టింపు చేస్తున్నాయి. ఈ ఆటల రూపకల్పన మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

పునరాదేశ పత్రం

ఈ విచారణకు అనుగుణంగా ప్రతిపాదించదగిన వస్తువును పునరాదేశ పత్రం అనవచ్చు. దానిని వాడినప్పుడు నగరంలో సిద్ధమైన ఉత్పత్తులన్నీ ఒక్క ఆదేశంతో వసూలవుతాయి. ప్రతి కట్టడానికీ దాని చివరి ఆదేశమే మళ్లీ అందుతుంది. వ్యవధులు ఒక్క నిమిషం కూడా తగ్గవు. గిడ్డంగి పరిమితి మారదు. ఎంపిక మార్చదలచుకున్నవారు ఆ కట్టడం వద్దకు స్వయంగా వెళ్లాలి. ఇది ఎవరికీ అదనపు ఫలాన్ని ఇవ్వదు కనుక పోటీలోని సమతూకం చెడదు. మిగిలేది అవధానకాలం ఒక్కటే.

అయితే మొదటి ప్రశ్న ఇక్కడే ఎదురుతిరుగుతుంది. ముప్పైసార్లు నొక్కడం ఆటకు అంగం కాదని ఒప్పుకున్నప్పుడు, దాని నుంచి విముక్తిని బహుమతిగా ఇవ్వడం ఎలా సమంజసం? తొలగించదగిన భారమైతే అందరికీ తొలగించాలి. కొందరికే, కొన్నిసార్లే తొలగించడమంటే ఆ భారాన్ని కావాలని నిలిపి ఉంచి, సడలింపును అనుగ్రహంగా పంచడం. దీనికితోడు పారితోషికం ఎవరికి దక్కుతుందో చూడాలి. నిర్దేశించిన పనులు ప్రతిరోజూ పూర్తిచేయగలిగేవారు ఇప్పటికే తీరిక ఉన్నవారు. కాలం ఉన్నవారికే కాలం బహుమతి. లేనివారికి ఆ బహుమతి సంపాదించే కాలమూ లేదు. ఫోర్జ్ ఆఫ్ ఎంపైర్స్‌లో తొలి సంవత్సరాల నుంచి అమలైన నియమం ప్రకారం, వసూలు చేయకుండా వదిలిన ఉత్పత్తిని రక్షకసైన్యాన్ని ఓడించిన పొరుగు ఆటగాడు దోచుకోవచ్చు. రాత్రి విధులు చేసేవారి సరకు పగలు దోపిడీకి గురవుతుంది. తీరిక లేకపోవడమే అక్కడ నేరం, దానికదే శిక్ష.

నిర్మాతల పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఈ ఆటలు ఆడడానికి ప్రవేశరుసుము లేదు. ఏదో ఒకదానిని అమ్మకుండా సంస్థ నడవదు. పారితోషికంగా రుచి చూపిన వస్తువే తరువాత కొనుగోలుకు పురికొల్పుతుంది. వ్యాపారంగా దీనిలో దాపరికం లేదు. కాని అమ్మదగినవి వారి దగ్గర ఇంకా ఉన్నాయి: కొత్త కట్టడాలు, అలంకరణలు, విస్తరించే నేల. అవన్నీ వారు కల్పించినవి, వారివి. ఆటగాడి అవధానం వారు కల్పించినది కాదు.

నలోపాఖ్యానంలో బాహుకుడు ఋతుపర్ణుని రథం తోలే ఘట్టం ఇక్కడ ఆలోచించదగినది. ఒక్క పగటిలో అయోధ్య నుంచి విదర్భ చేరవలసిన ప్రయాణం. దారిలో రాజు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెబుతాడు. బాహుకుడు రథం ఆపి, చెట్టు కూల్చి, లెక్కపెట్టి చూస్తానంటాడు. ఆలస్యం కారాదని రాజు వారించినా వినడు. అశ్వహృదయం ఎరిగి, లోకంలో మరెవరికంటె వేగంగా రథం నడపగల వ్యక్తి ఆకులు ఎంచడానికి ఆగాడు. వేగం అతని వద్ద ఉన్న విద్య. దానిని ఎక్కడ ఆపాలన్నది అతని నిర్ణయం. 1989 నాటి సిమ్‌సిటీ ఆటగాడికి ఈ రెండూ ఉన్నాయి. టోకెన్ ఇచ్చేది మొదటిదాన్ని, అదీ అరువుగా.

అందువల్ల పునరాదేశ పత్రాన్ని వస్తువుగా కాక నియమంగా, ప్రతి ఆటగాడికీ అందుబాటులో ఉంచాలన్నదే నా ప్రధాన ప్రతిపాదన. నిర్మాతలు దానిని వస్తువుగానే ఉంచదలిస్తే సంపాదించే పద్ధతినైనా మార్చవచ్చు. హాజరుకు ప్రతిఫలంగా కాక, కొన్నాళ్లు గైర్హాజరై తిరిగి వచ్చినవారికి దానిని ఇవ్వాలి. పరీక్షలు, ప్రసవం, పొలంపనులు - కారణం ఏదైనా, ఆటకు దూరమై వచ్చినవారి నగరంలోనే నొక్కవలసినవి ఎక్కువగా పోగుపడి ఉంటాయి. ఇందుకోసం కావాలని గైర్హాజరయ్యేవారు ఉంటారా? ఉండవచ్చు. వారు ఆ కొన్నాళ్ల ఉత్పత్తిని వదులుకుంటారు కనుక దుర్వినియోగం వల్ల లాభం లేదు.

ఈ పత్రం పరిధిలోకి రాకూడనిది ఒకటుంది. ఫోర్జ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మిత్రులకూ, సంఘసభ్యులకూ, పొరుగువారికీ రోజుకొకసారి సాయం చేయవచ్చు. ఆ సాయంతో వారి కట్టడంలో ఉత్పత్తి ఇనుమడిస్తుంది, ఆ విడతకు దోపిడీ నుంచి రక్షణ కలుగుతుంది. చాలాకాలం దీనికి ఒక్కొక్కరి పేరు కింది మీటను విడివిడిగా నొక్కవలసి ఉండేది. చేతికి శ్రమగా చూస్తే ఇదీ నకలుపనే. కానీ ఆ మీట పైన ఒక పేరు ఉంటుంది. ఎవరు కొద్దిరోజులుగా కనిపించడం లేదో, ఎవరి నగరం ఎదుగుతోందో ఆ పేర్ల మీదుగా వెళ్లేటప్పుడు తెలుస్తుంది. పెళ్లి శుభలేఖలను టపాలో వేయడానికీ, ఇంటింటికీ వెళ్లి బొట్టుపెట్టి పిలవడానికీ ఉన్న తేడా ఇది; టపా పిలుపును తప్పుపట్టేవారు లేరు, రెండూ ఒకటేననేవారూ లేరు. అందరికీ ఒకేసారి సాయం పంపే మీట ఉండవచ్చు. దానివల్ల ఇనుమడించే ఉత్పత్తిలో తేడా ఉండదు. అయితే దానిని వాడాలా వద్దా అన్నది ఆ పేర్లను ఎరిగిన ఆటగాడు ఏ రోజుకారోజు తేల్చుకోవలసినది. వసూళ్లతో కలిపి ఒకే ఆదేశంలో చుట్టి ఇస్తే తేల్చుకునే అవకాశమే అతనికి ఉండదు.