సెల్లులో మిగిలే కాస్త

లిథియం సెల్లు అరచేతిలో ఇమిడిపోతుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలతలే పేరై 18650 అయింది. నిండా ఎక్కితే 4.2 వోల్టులు, అడుగంటే వేళకు 3. ఒంటి మీద 3.7 అని రాసుంటుంది గానీ, వాడుతూ పోతే ఆ అంకె దగ్గర అది నిలిచేది కొంతసేపే.

తెల్లవారుజామున, ఎండ ముదరక ముందు, ఇలాంటివి ఆలోచించడానికి వీలుగా ఉంటుంది. రాజంపేటలో మే నెల టంకం పనికి కూడా ఇదే వేళ. ఫ్యాను వేస్తే సోల్డరింగ్ ఐరన్ మొన చల్లబడుతుంది, ఆపితే మనిషి ఉడికిపోతాడు.

తలపెట్టింది చిన్న డబ్బా. ఒకటే సెల్లు, మూడు లైన్లు. ఫోనుకు 5 వోల్టులు, ఎల్‌ఈడీ పట్టీకీ వైఫై రూటరుకూ 12, మైక్రోకంట్రోలరుకు 3.3. అంగట్లో పవర్ బ్యాంకులు దొరకవా అంటే, దొరుకుతాయి. కానీ 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు నది మందపల్లి, పులపుత్తూరు ఊళ్ల మీద పడ్డాక, ఒక దీపం, ఒక ఫోను అంటే ఏమిటో ఈ చుట్టుపక్కల ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి రాత్రికి నిజంగా ఏమేం కావాలి? ఆ ప్రశ్న వేసుకుంటే జాబితా కుదించుకుపోతుంది. కుదించుకుపోయే కొద్దీ మనసుకు ఎందుకో హాయిగా ఉంటుంది.

12 వోల్టుల లైను ఆశపోతు. సెల్లుకు అంత వోల్టేజీ లేదు కాబట్టి బూస్ట్ కన్వర్టర్ పెట్టాలి. అందులో స్విచ్చు సెకనుకు లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటూ, చిన్న కాయిల్‌లోకి కరెంటు ఎక్కించి వదులుతుంటుంది. వదిలినప్పుడల్లా వోల్టేజీ పైకి లేస్తుంది. ఊరికే లేవదు. 12 దగ్గర అర ఆంపియరు తీసుకుంటే సెల్లు దగ్గర దాదాపు 2 ఆంపియర్లు పోతాయి. 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లు గంటన్నర కూడా రాదు.

అసలు చిక్కు మాత్రం 3.3 దగ్గర. అన్నిటికంటే చిన్న కోరిక అది. అయితే సెల్లు 4.2 నుంచి 3కి దిగే దారి మధ్యలో కూర్చుంది. మొదట తగ్గించాలి, చివర్లో పెంచాలి. రెండూ చేయగల బక్-బూస్ట్ చిప్పులు ఉన్నాయి. అవి సెల్లును అడుగుదాకా పిండుతాయి. లీనియర్ రెగ్యులేటర్‌ది పాత పద్ధతి. ఎక్కువైన వోల్టేజీని వేడిగా పారేస్తుంది, తక్కువైతే చేతులెత్తేస్తుంది. 12 నుంచి 3.3కి దిగమంటే నూటికి 70 పైగా వృథా. 3.7 నుంచి 3.3 అంటే? నూటికి 11. ఆ తెలివైన చిప్పు కూడా ఇంచుమించు అంత తినేదే. ఇక లీనియర్ ఆగిపోయే 3.4, 3.5 దగ్గరికి వచ్చేసరికి సెల్లులో మిగిలేది కొద్దిపాటి చార్జి.

ఆ కొద్దిపాటిని వదులుకోవడానికి ఇంత ఆలోచన ఎందుకో! ఈ సీమలో బోరును అడుగంటేదాకా తోడి, మోటారు గాలి పీల్చి కాయిల్ కాలాక గానీ ఊరుకోని రోజులు చూశాం. సెల్లూ అంతే. అడుగుదాకా లాగిన కొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది, కాస్త ఉండగానే చార్జి పెడితే ఎక్కువ కాలం వస్తుంది. అలా మిగిల్చింది పోయినట్టా, దాచినట్టా? రెండు మాటలూ సబబుగానే తోస్తాయి.

పని లేనప్పుడు తినే కరెంటు ఇంకొకటి ఉంది. ఎవరికీ ఏమీ ఇవ్వకుండా, ఊరికే మెలకువగా ఉండటానికే రెగ్యులేటర్ కొంత తాగుతుంది. అది 5 మిల్లీ ఆంపియర్లయితే నిండు సెల్లు 20 రోజుల్లో ఖాళీ. 50 మైక్రో ఆంపియర్లయితే కాగితం మీద ఐదేళ్లు దాటుతుంది. అంతకు ముందే సెల్లు తనంతట తాను దిగిపోతుంది, అది వేరే సంగతి. మల్టీమీటరును మైక్రో ఆంపియర్ల మీద పెట్టి, ఏ పనీ చేయని డబ్బాను చూస్తూ కూర్చుంటే చివరి అంకె కదులుతూనే ఉంటుంది. మనిషి ఊరికే కూర్చున్నప్పుడు ఎంత ఖర్చవుతాడో? ఎప్పటివో మాటలకు ఇప్పుడు జవాబులు వెతకడం, రాని బాకీల లెక్క వేయడం. సాయంత్రం అలసటంతా పని వల్లే వచ్చిందా అని అనుమానం. దానికి మీటరు లేదు.

బోర్డు మీద రెండు మిల్లీమీటర్లయినా లేని సిరామిక్ కెపాసిటర్లు ఉంటాయి. ఈ రకం వాటిలో బేరియం టైటనేట్ వాడతారు. బేరియానికి మూలం బెరైటీస్, మనవాళ్ల ముగ్గురాయి. మంగంపేట గనులు రైల్వే కోడూరు దారిలోనే. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది, కాబట్టి ఈ రేణువు మన గనిదేనని చెప్పుకునే వీలు లేదు. అయినా పట్టకారుతో ఎత్తినప్పుడు ఒక్క క్షణం చూడబుద్ధవుతుంది. 10 మైక్రోఫారడ్లని అమ్మినది, వోల్టేజీ మీద పడ్డాక సగమే పనిచేయవచ్చు. ఏది దాని అసలు విలువ?

ప్రస్తుతానికి 3.3కి లీనియరే ఉంచాను. కట్-ఆఫ్ 3.4 దగ్గర పెట్టాను. 12 వోల్టుల లైనుకు విడిగా స్విచ్చు ఉంది, దీపం కావాల్సినప్పుడు వేసుకోవచ్చు. రూటరు మాత్రం ఈ డబ్బాతో నడవదు.